నేను రాసిచ్చిన అన్న

తొమ్మిదేళ్ళుగా ఒక ఉత్తరం నా దగ్గర ఉంది. నాకు వచ్చింది కాదు. దాన్ని ఎవరికి వచ్చిందో వాళ్ళ ముందే విప్పి, వాళ్ళ ముందే చదివి, వాళ్ళ ముందే నా జేబులో పెట్టుకున్నాను. అందులో లేనిది చదివాను. ఆ రోజు నుంచి ఆ కాగితాన్ని మోస్తున్నాను. కాగితానికి బరువేమిటంటారా? గోడకు తగిలించిన చొక్కా జేబులో ఉన్నా సరే, నా భుజం కిందికి లాగుతుంది.

చూశారా, మొదలుపెట్టీ పెట్టకముందే ఒక అబద్ధం రాశాను. ఆ చొక్కా ఎప్పుడో చిరిగి గుడ్డపేలికలయింది. ఉత్తరం బీరువాలో పాత క్యాలెండరు కింద ఉంది. భుజం నొప్పి నిజమే గానీ అది బల్ల మీద వంగి రాసీ రాసీ వచ్చింది. కొట్టేద్దామనుకుని ఉంచేస్తున్నాను. మీరు ఎలాంటి మనిషి మాట వింటున్నారో మీకు ముందే తెలియడం మంచిది.

అఫ్జల్‌గంజ్‌లో ఒక పాత భవనం మెట్ల కింద నా బల్ల. అర్జీలు రాస్తాను. పింఛన్లు, రేషను కార్డులు, పేర్ల మార్పులు. మొదట టైపు మిషను ఉండేది, ఇప్పుడు లాప్‌టాపు, దగ్గే ప్రింటరు. నా అసలు పేరు చాలామందికి తెలియదు. గప్పాల సార్ అంటారు. ఆ బిరుదు కష్టపడి సంపాదించుకున్నదే. మా తాత దివాణంలో ఏనుగులకు పళ్ళు తోమేవాడని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. వరదల్లో మూసీ చేప ఒకటి నా టైపు మిషనులోకి దూరి సగం అర్జీ కొట్టి చచ్చిపోయిందని కూడా చెప్పాను.

"తప్పుల్లేకుండ కొట్టిందా సార్?" అని చాయ్ హోటల్ మల్లేశ్ అడిగాడు.

"నీ బోర్డు కన్నా నయమే," అన్నాను.

మా ఆవిడ అంటుంది, నీ మాటల్లో నిజం పప్పులో ఉప్పంత అని. అంతయినా ఉందని ఒప్పుకుంది కదా అని నేను మురిసిపోతాను.

ఇవన్నీ ఎవరినీ ఏమీ చేయని కథలు. నేను చెప్పవలసింది అది కాదు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒక మాట అనేవాడు: "తడి లేని అర్జీకి తలుపు తెర్సుకోదు." అర్జీ కోసం ఎవరొచ్చినా సరే, వాళ్ళు చెప్పినదానికి మేము కొంత తడి కలుపుతాం. పింఛను అడిగే ముసలమ్మకు చచ్చిపోయిన మేకను కలుపుతాం. ఇల్లడిగేవాడికి కూలిన గోడ కలుపుతాం. మా పనిలో ఇది మోసం కాదు, చెయ్యి తిరగడం. అందుకోసం నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. దానికి తడి పుస్తకం అని పేరు పెట్టాను. కుడి పేజీలో మనిషి చెప్పింది రాసుకుంటాను, ఎడమ పేజీలో నేను కలిపేది. ఎడమ పేజీలు ఎప్పుడూ నిండుగా ఉండేవి. ఒకరికి పనికొచ్చిన కన్నీళ్ళు ఇంకొకరికి కూడా వాడేవాణ్ణి. ఏ అర్జీ ఏ గుమాస్తా చేతికి పోతుందో, రెండూ ఒకే బల్ల మీదకు ఎందుకు వస్తాయి?

వచ్చాయి.

నూర్ భాయ్ బర్మా నుంచి వచ్చినవాడు. పత్తర్‌గట్టిలో బట్టల మూటలు మోసేవాడు. పురానాపూల్ అవతల రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. తమలాంటి కుటుంబాల్లో కొందరిని వేరే దేశానికి పంపిస్తారని, దానికి ముందు తమకేం జరిగిందో రాసి ఇవ్వాలని ఎవరో చెబితే నా దగ్గరకు వచ్చాడు. ఆయన మాట నాకు, నా మాట ఆయనకు పెద్దకూతురు శఫీకానే చెప్పాలి. ఆయన భాష నాకు రాదు, నా ఉర్దూ ఆయనకు సగమే అందేది. ఆ పిల్లకు అప్పటికి పదకొండేళ్ళు. గల్లీలో ఉర్దూ, సర్కారు బడిలో తెలుగు నేర్చేసుకుంది. ఇంటిల్లిపాదికీ నోరు ఆ పిల్లే.

డబ్బులు తీసుకోలేదు. ఈ మాట మంచివాణ్ణని చెప్పుకోవడానికి రాయడం లేదు. డబ్బు కోసం చేసి ఉంటే నాకు ఇంత కంపరంగా ఉండేది కాదేమో. గొప్ప కోసం చేశాను. వేరే దేశం వాళ్ళు చదవబోయే అర్జీ! ముప్ఫై ఏళ్ళు మేకల గురించి రాసినవాడికి అది ఎంత పెద్ద పనో మీరే ఆలోచించండి.

శఫీకా తాము దాటివచ్చిన దారి గురించి చెప్పింది. ఏడెనిమిది వాక్యాలు. అంతే. నేను కుడి పేజీలో రాసుకున్నాను. రాసుకుని పెన్ను ఆపి అడిగాను, తుపాకులేమైనా? లేదంది. మంటలు? దూరంగా అంది. నాకు ఎంత నిరాశ కలిగిందో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఒక పసిదాని నోట, ఇంతేనా అని.

ఆ ఏడెనిమిది వాక్యాలు వాళ్ళ దాదీ గురించి, అంటే నూర్ భాయ్ తల్లి గురించి. నడవలేని ఆమెను దారిలో ఒక చెట్టు కింద వదిలేసి వచ్చారు. ముసలామెను వదిలేసి వచ్చినవాళ్ళని ఎవరు రానిస్తారు, ఇది రాయొద్దు అన్నాను. శఫీకా తండ్రికి చెప్పింది. ఆయన నేల వంక చూస్తూ, రాయకపోతేనే మంచిది అన్నాడు. నా తెలివికి అది మెప్పు అనుకున్నాను. తల్లిని వదిలి వచ్చినవాడు ఆ మాట కాగితం మీద చూడలేక అన్నాడని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఎడమ పేజీ తీశాను. అక్కడ ఒక అన్న సిద్ధంగా ఉన్నాడు. ఆరు నెలల ముందు ఇంకో బర్మా కుటుంబానికి రాసిచ్చినవాడు. ఎర్రగళ్ళ లుంగీ. మేక కోసం వెనక్కి పోతాడు. నది ఒడ్డున తూటా తగులుతుంది. అతని చేతిలోని లాంతరు నీళ్ళలో పడి, ఆరకుండా, తేలుతూ పోతుంది. ఆ లాంతరంటే నాకు ప్రాణం. నీళ్ళలో పడ్డ లాంతరు ఆరకపోవడం ఏమిటని ఒక్కరూ అడగలేదు.

ఆ అన్నను శఫీకాకు ఇచ్చేశాను.

వారం రోజులు ఆ పిల్లకు నేర్పాను. బడి వదిలాక వచ్చేది. మెట్టు మీద కూర్చునేది. తప్పు లేకుండా చెబితే సగం ఉస్మానియా బిస్కెట్టు. అన్న లుంగీ ఏ రంగు? లాంతరు ఎటు పోయింది? మధ్యలో దాదీ మాట తెస్తే బిస్కెట్టు లేదు. "నాకు దాదీ లేదు" అని పదిసార్లు చెప్పించాను. మరునాడు ఇంకో పదిసార్లు. మూడోనాడు నేను అడగకుండానే చెప్పింది. సంబరపడ్డాను.

మీరు ఈ కాగితం ఇక్కడే పడేసినా నేనేమీ అనను.

వేరే దేశానికి పంపేవాళ్ళ ఆఫీసులో ఆ పిల్ల అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. అదే కొంప ముంచింది. ఆరు నెలల ముందు వేరే కుటుంబం చెప్పిన మాటలు, అదే లుంగీ, అదే మేక, అదే లాంతరు. రెండు నెలలకు ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. నూర్ భాయ్ దాన్ని నా దగ్గరకు తెచ్చాడు. ఇంకెవరి దగ్గరకు తీసుకుపోతాడు? విప్పాను. మీ కథనం మరొక కుటుంబం ఇచ్చిన కథనంతో దాదాపు మాటకు మాట సరిపోతోంది, అందువల్ల నమ్మలేకపోతున్నాము, అభ్యంతరం ఉంటే నెల లోపల తెలపవచ్చు అని ఉంది.

నూర్ భాయ్ నా పెదవుల వంక చూస్తున్నాడు. శఫీకా మెట్టు మీద కూర్చుని ఉంది. నేను బిస్కెట్టు ఇస్తానేమో అని చూస్తోంది.

ఆలోచించుకునే సమయం కూడా తీసుకోలేదు. అంత అలవాటు నా నాలుకకు. "బిడ్డ జవాబులు తడబడ్డయంట, నూర్ భాయ్. అందుకే కాదన్నరు," అన్నాను. ఆ మాటను తండ్రికి ఆ పిల్లే తన నోటితో చెప్పవలసి వచ్చింది. చెప్పింది. తన తప్పును తనే అనువదించింది.

నెల గడువు ఉంది కదా అని మీరు అడుగుతారు. ఉంది. తెలిపితే అర్జీ ఎవరు రాశారన్న మాట వస్తుంది. కాగితం నా దగ్గర ఉండనీయండి, పనికొస్తుంది అని జేబులో పెట్టుకున్నాను.

నూర్ భాయ్ కూతుర్ని కొట్టలేదు. తిట్టలేదు. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవలేదు, అంతే. నీళ్ళు కావాలంటే చిన్నదానితో అనేవాడు, మీ అక్కను తెమ్మను అని, అక్క ఎదురుగా ఉండగానే. బడి మాన్పించారు. ఏడాది పాటు ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి నోరయిన పిల్ల. దర్గాకు తీసుకుపోయారు, తాయెత్తు కట్టారు. దెబ్బకు జడుసుకుందేమో, సర్దుకుంటుంది అని నేను కూడా సలహా ఇచ్చాను. సలహా ఇచ్చాను!

తర్వాత మాట వచ్చింది. పత్తర్‌గట్టి వెనక గల్లీలో మగ్గం పని నేర్చుకుంది. ఈ మధ్య ఆడపిల్లల కోసం నడిపే ఒక సెంటరుకు పోతోందని, అక్కడ మనసులోవి చెప్పుకోనిస్తారని, మళ్ళీ చదువుతానంటోందని విన్నాను. బాగుపడుతోంది అనుకున్నాను. నేను నోరు విప్పకుండానే బాగుపడిపోతే ఎంత బాగుండు అని కూడా అనుకున్నాను. ఆ కోరిక ఎంత నీచమైనదో తెలిసే కోరుకున్నాను.

పోయిన నెల నా బల్ల దగ్గరకు వచ్చింది. ఇరవయ్యేళ్ళ పిల్ల. కాళ్ళకు రెండు సైజులు పెద్ద చెప్పులు. మడమల వెనక ఇంకా చోటుంది, ఈడ్చుకుంటూ నడుస్తోంది.

"ఏంది బిడ్డా, మీ అబ్బావి ఏసుకొచ్చినవా?"

"నావే చాచా. పెద్దగనే కొంట. సరిపోయేటివి ఏస్తే ఊపిరాడదు. ఎందుకో తెల్వది."

నాకు తెలుసు. నేను నవ్వి ఊరుకున్నాను.

"చాచా, ఒక మాట అడుగుత. గప్పాలు కొట్టొద్దు."

"నేనెప్పుడు కొట్టిన?"

"పొద్దుగాల నుంచి కొట్టినయి లెక్కవెట్టాల్నా?" అంది. నవ్వింది కూడా. తర్వాత బల్ల అంచు పట్టుకుంది. "సెంటర్ల మేడం అంటది, నువ్వు విన్నది గాదు, చూసింది చెప్పు అని. నేను అన్న గురించి చెప్పిన. అందరు ఏడ్చిన్రు. నాకే ఏడుపు రాలే. లాంతరు కనవడ్తది చాచా. నీళ్ళల్ల తేలుకుంట పోతది, ఆరదు. అన్న మొఖమే రాదు. గింత కూడ రాదు. సచ్చిపోయిన అన్న మొఖం యాది లేని చెల్లె ఉంటదా?"

"మీ అమ్మీని అడుగరాదు?"

"అమ్మీ చెవులు మూస్కుంటది. అబ్బా నాతోని మాట్లాడడు. నా నోటి వల్లనే గద అంత పోయింది." ఆగింది. "కాయితం నువ్వు రాసినవ్ గద. నీకెర్కనే ఉంటది. నాకు అన్న ఉండెనా చాచా?"

లేడు అనే మాట ఎంత చిన్నది. రెండక్షరాలు. నా జీవితంలో ఏనుగులకు పళ్ళు తోమించాను, చేపతో టైపు కొట్టించాను. ఆ రెండక్షరాలు పలకలేకపోయాను.

"ఉండె బిడ్డా," అన్నాను.

అక్కడితో ఆగలేదు. ఆ పిల్ల ముఖం అడిగింది కదా. ముఖం ఇచ్చాను. గడ్డం కింద పుట్టుమచ్చ. ముందు పన్ను కొంచెం విరిగింది. నవ్వితే అచ్చం నీ లెక్కనే ఉంటుండె అన్నాను. నువ్వెట్ల చూసినవ్ అంటే, మీ అబ్బా అప్పుడు ఫోటో చూపించిండు అన్నాను.

శఫీకా ఏడ్చింది. బల్ల మీద తల పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. షుక్రియా చాచా, షుక్రియా అంటూ చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళుగా రావలసిన ఏడుపు. పుట్టనేపుట్టని మనిషి కోసం వచ్చింది. చెట్టు కింద కూర్చున్న ఆ ముసలామెకు ఒక్క చుక్క కూడా రాలలేదు.

నేను ఏం చేశాను? ఒకసారి తీసుకున్నది చాలక రెండోసారి కూడా తీసుకున్నానా? చిన్నప్పుడు బిస్కెట్టు కోసం నేర్చుకున్నది పెద్దయ్యాక ఇష్టంతో నమ్మేలా చేశానా? ఆ పిల్ల ఇప్పుడు ఆ పుట్టుమచ్చను పట్టుకుని బాగుపడుతుంది, లేని మనిషి మీద ఇల్లు కట్టుకుంటుంది, ఎప్పుడో ఒకనాడు వాళ్ళమ్మ నోరు తెరుస్తుంది, అప్పుడు ఏమవుతుంది? ఆ వారమంతా అన్నం సహించలేదు. హోటల్లో చేప కథ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. మల్లేశ్ నా నుదురు ముట్టుకుని చూశాడు. "జ్వరం లేదు గదా సార్? గప్ప సగంల ఆపుడు ఇదే ఫస్టు," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. సాకులు వెతికాను. వాళ్ళ మంచికే చేశాను. ఉస్తాద్ అలాగే నేర్పాడు. నిజం రాసినా కాదనేవాళ్ళేమో. ఒక్కోదాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. అన్నీ నా చేతివ్రాతలోనే ఉన్నాయి.

మొన్న సోమవారం బీరువా తీశాను. ఉత్తరం, తడి పుస్తకం సంచిలో వేసుకుని పత్తర్‌గట్టి వెనక గల్లీకి వెళ్ళాను. వాన పడుతోంది. లేదు, పడలేదు. మామూలు ఎండ. మధ్యాహ్నం అన్నాల వేళ. మగ్గం మీద సగం కుట్టిన నెమలి ఉంది. ఇది నిజమే. శఫీకాను మెట్ల దగ్గరకు పిలిచాను. నోటితో చెబితే ఎటు పోతానో నాకే తెలుసు, అందుకని చదువుతాను అన్నాను. ప్రతి లైను కింద వేలు పెట్టుకున్నాను, నాలుక దూకకుండా.

ముందు ఉత్తరం చదివాను, ఈసారి అందులో ఉన్నది. శఫీకా రెండుసార్లు చదివించుకుంది.

"అంటే నేను తప్పు జెప్పలేదా?"

"ఒక్క ముక్క తప్పు జెప్పలే. నేను నేర్పినట్టే జెప్పినవ్. గందుకే దొరికినం. తప్పు నాది. నీ మీద ఏసిన."

"అన్న?"

"లేడు. నేను రాసిన. పుట్టుమచ్చ గూడ నేనే..."

చెయ్యి పైకెత్తి ఆపింది. నేను పుస్తకంలో కుడి పేజీ తీశాను. పదకొండేళ్ళ వయసులో తను చెప్పింది ఇదిగో, ఇక్కడ కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నాకప్పుడు ఆరేళ్ళు. దాదీ నడవలేకపోయింది. అమ్మీ వక్కచెట్టు కింద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు, కొంగులో మరమరాలు పెట్టింది. దాదీ నన్ను పిలిచి తన చెప్పులు నాకు వేసింది. నేనిక ఎక్కడికీ పోను, నువ్వేసుకో అంది. పెద్దగా ఉన్నాయి. ఊడిపోకుండా వేళ్ళు ముడుచుకుని నడిచాను. వెనక్కి చూశాను. దాదీ చెయ్యి ఊపలేదు. కొంగులోంచి మరమరాలు ఏరుకుంటోంది."

దీన్ని పక్కన పెట్టి నేను లాంతరు రాశాను. కథలు చెప్పేవాణ్ణని విర్రవీగినవాణ్ణి.

శఫీకా తన కాళ్ళ వంక చూసుకుంది. కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను.

"చెప్పులు ఏ రంగుయి?" అంది.

పేజీలో లేదు. నేను అప్పుడు అడగనే లేదు.

"రాసుకోలే."

"యాది చేస్కో."

ఆకుపచ్చ అని నోటి దాకా వచ్చింది. ఒక పట్టీ తెగితే నల్లదారంతో కుట్టుకున్నవి అని కూడా వచ్చింది. ఆ ముసలామె కుట్టుకుంటూ కూర్చోవడం కూడా నాకు కనిపించింది. అడుగుతున్న ఆ కళ్ళు చూస్తూ నోరు మూసుకుని ఉండడం కన్నా కష్టమైన పని నేనెన్నడూ చేయలేదు.

"తెల్వది బిడ్డా," అన్నాను.

తల ఊపింది. పుస్తకంలోంచి ఆ పేజీ చింపి తీసుకుంది. ఉత్తరం నా చేతిలోనే ఉంచింది.

"అబ్బాకు నువ్వే సదివి చెప్పు. నేను చెప్ప. నేను చెప్తే మల్ల నువ్వు నేర్పినట్టే అయితది."

చాచా అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది. చెప్పుల ఈడ్పు మగ్గం దాకా వినిపించింది, ఆగింది. ఏడుస్తోందో కుట్టుకుంటోందో నాకు తెలియదు. తొంగి చూడలేదు.

అందుకే ఇదంతా రాశాను. నోటితో చెబితే నూర్ భాయ్ ముందు నేను ఏడ్చి, ఆయన్ని కూడా ఏడిపించి, చివరికి నేనే మంచివాణ్ణయి లేచి వస్తాను. నాకు చేతనవును. కాగితమైతే కొట్టివేతలు కనబడతాయి. ఇందులో రెండు చోట్ల నన్ను నేను పట్టుకున్నాను. పట్టుకోనివి ఉంటే క్షమించండని కూడా అడగను. భుజం నొప్పి అలాగే ఉంది. ఛాతీలో మాత్రం ఎక్కడో కాస్త చోటు దొరికినట్టుంది, దానికి నేను తగనని తెలుసు.

రేపు శుక్రవారం, జుమ్మా. నూర్ భాయ్ పనికి పోడు. నమాజు అయ్యాక పురానాపూల్ దాటి ఆ షెడ్డుకు వెళ్తాను. ఈ కాగితాలు ఆయనకు తెలిసిన ఉర్దూలో మెల్లగా చదువుతాను. ఆయన తల్లి మాట వచ్చే చోట ఆగుతాను. అంతా విని ఆయన ఏమంటాడో, కూతుర్ని పేరు పెట్టి పిలుస్తాడో లేదో నాకు తెలియదు. అది ఊహించి రాయడం నాకు రెండు నిమిషాల పని.

రాయను.